ముందు బడి, తరవాతే ఇల్లు: బెంగళూరు నుంచి విజయనగరానికి పిల్లలతో మారడం

“ఊరు చిన్నదే కదా, ఎక్కడ ఇల్లు తీసుకున్నా బడి పది నిమిషాలే.” పెద్ద ఊళ్ళ నుంచి విజయనగరం వచ్చేవాళ్ళు వేసే లెక్క ఇది. మేమూ అదే వేశాం. ముందు ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చాం, ఆ తరవాత బడి వెతికాం. తీరా చూస్తే ఇంటికీ నచ్చిన బడికీ మధ్య రైలు పట్టాలు పడ్డాయి. హౌరా–చెన్నై లైనూ, రాయగడ మీదుగా రాయపూర్ పోయే లైనూ కలిసే జంక్షన్ ఇది. గూడ్సు బళ్ళకి వేళాపాళా ఉండదు. పటంలో రెండున్నర కిలోమీటర్లు కనిపించిన దారి ఉదయం ఎనిమిదిన్నరకి నలభై నిమిషాలు పడుతుంది. పట్టాలు అడ్డం లేకపోయినా గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట చుట్టూ ఉన్న బజారు వీధులు పాతవి, ఇరుకువి. స్కూలు బస్సులు, ఆటోలు, పాల క్యాన్ల బళ్ళు అన్నీ ఆ అరగంటలోనే అక్కడికి చేరతాయి.

అందుకే మొదటి మాట ఇది. బడిలో సీటు ఖాయమై ఫీజు రసీదు చేతిలో పడ్డాక, ఆ బడి గేటు దగ్గర నిలబడి చుట్టూ రెండు కిలోమీటర్లలో ఇల్లు వెతకండి. అద్దె బోర్డులు ఊళ్ళో ఎప్పుడూ ఉంటాయి. మంచి మాస్టారు ఉన్న సెక్షన్లో ఖాళీ మాత్రం ఫిబ్రవరి దాటితే ఉండదు.

క్యాలెండరు సంగతి ముందు చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్టేట్ సిలబస్ బడులు జూన్ 12న తెరుస్తారు, వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి మొదలవుతాయి. కేంద్రీయ విద్యాలయాల్లోనూ చాలా సీబీఎస్ఈ బడుల్లోనూ పాఠాలు ఏప్రిల్లోనే మొదలవుతాయి. జూన్లో దిగిన పిల్లకి అక్కడ అప్పటికే కొంత సిలబస్ పోయి ఉంటుంది. ప్రైవేటు బడుల్లో సీట్ల హడావుడి సంక్రాంతి వెళ్ళగానే మొదలవుతుంది. పీఆర్వోలు ఇంటింటికీ వస్తారు, “ఈ వారంలో కడితే అడ్మిషన్ ఫీజు లేదు” అంటారు. ఆ వారం మార్చి చివరి దాకా ప్రతి వారమూ వస్తూనే ఉంటుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు.

బడి చూడటానికి రావలసింది జనవరి చివరా, ఫిబ్రవరి మొదటా, అదీ గురు, శుక్రవారాల్లో. మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలైపోతాయి. అప్పుడు వస్తే ఉదయం ఏడున్నరకి ఖాళీ రోడ్డు మీద వ్యాన్ ఎంత వేగంగా పోతుందో తెలుస్తుంది తప్ప, మామూలు రోజుల సంగతి తెలియదు. దసరా సెలవుల్లో వద్దామనుకుంటారు కొందరు. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ ముందూ వెనకా కోట వైపు కారు కదలదు. జాతర చూడటానికి రండి, బడి చూడటానికి కాదు.

బడికి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో కూర్చోబెట్టి రంగుల పుస్తకం చేతిలో పెడతారు. అది తీసుకుని పక్కన పెట్టేయండి. చూడవలసినవి వేరు. సాయంత్రం బడి వదిలే వేళకి ఇరవై నిమిషాలు ముందు వెళ్ళి గేటు బయట నిలబడండి. చిన్న తరగతుల పిల్లల్ని వరసలో ఎవరు తెస్తున్నారు, ఏ ఆటోలో ఎవరు ఎక్కాలో చూసేవాళ్ళు ఉన్నారా, గేటు నేరుగా రోడ్డు మీదకి తెరుచుకుంటుందా అన్నది అక్కడే తెలుస్తుంది. అక్కడ నిలబడిన తల్లుల్లో ఒకరిని మీ పిల్లని వేయబోయే తరగతి నోటుపుస్తకం చూపించమని అడగండి, కాదనరు. ఎర్ర సిరా దిద్దుబాటు కింద తేదీలు చూడండి. నెలకోసారి ఒకేరోజు పది పేజీలు దిద్దిన టిక్కులు కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది. పోయిన ఏడాది ఫీజు రసీదులు కూడా ఆవిడనే అడగండి. ఆఫీసులో చెప్పే ట్యూషన్ ఫీజుకీ, ఏడాది మొత్తం మీద చేతిలోంచి పోయేదానికీ మధ్య పుస్తకాలు, యూనిఫాం, వ్యాన్, పరీక్ష ఫీజు, యాన్యువల్ డే, “ఫౌండేషన్ మెటీరియల్” ఉంటాయి. ఇవన్నీ విడివిడిగా కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వని చోట నోటితో చెప్పిన అంకె మీద ఆధారపడి లెక్క వేసుకోవద్దు.

తరగతిలో ఎంతమంది అన్నది రెండు చోట్ల అడగాలి: ఆఫీసులో ఒకసారి, తరగతి గది తలుపు దగ్గర బల్లలు లెక్కపెట్టి ఒకసారి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ముప్ఫై మందికి ఒక టీచరు, ఆరు నుంచి ఎనిమిది దాకా ముప్ఫై అయిదు మందికి ఒకరు. మరుగుదొడ్లో నీళ్ళు వస్తున్నాయా, లోపల గడియ ఉందా చూడండి. ఆడపిల్లల తల్లులు ఇది మొహమాటం లేకుండా అడగాలి. పై అంతస్తులో రేకుల షెడ్డు కింద తరగతులుంటే ఏప్రిల్ ఎండకి పిల్లలు ఏమవుతారో ఊహించుకోండి. అన్నిటికంటే ఎక్కువ చెప్పే ప్రశ్న ఒకటుంది. “ఈ తరగతికి పోయిన ఏడాది చెప్పిన టీచరు ఈ ఏడాదీ ఉన్నారా?” రెండు మూడు తరగతులకి ఇదే అడగండి. టీచర్లు ఏడాదికోసారి మారిపోయే బడి ఎంత పెద్ద పేరున్నదైనా చిన్నపిల్లలకి పనికిరాదు, నా మటుకు అది తేల్చేసిన విషయం.

బోర్డు పేరు దగ్గర చాలామంది బోల్తా పడతారు. “సీబీఎస్ఈ కరిక్యులమ్”, “టెక్నో”, “ఒలింపియాడ్” లాంటి మాటలు గోడ మీద కనిపించినంత మాత్రాన బోర్డు అనుమతి ఉన్నట్టు కాదు. బడికి సీబీఎస్ఈ అఫిలియేషన్ ఉందంటే దానికో నంబరు ఉంటుంది, ఆ నంబరుతో బోర్డు సైట్‌లో బడి పేరు, ఊరు, ఏ తరగతి దాకా అనుమతి, ఎప్పటి దాకా అన్నీ కనిపిస్తాయి. స్టేట్ బడికైతే గుర్తింపు ఉత్తర్వు, 28తో మొదలయ్యే 11 అంకెల యూడైస్ కోడ్ (దేశంలో బడుల, పిల్లల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ రికార్డు యూడైస్, అందులో బడి నంబరు ఇది) ఉంటాయి. ఒకే యాజమాన్యం కింద పక్కపక్కనే రెండు భవనాలుండి, అనుమతి ఒకదానికే ఉండటం కూడా జరుగుతుంది. మీ పిల్ల పేరు ఏ కోడ్ కింద ఎక్కుతుందో అడ్మిషన్‌కి ముందే అడిగి రాసుకోండి. పదో తరగతిలో హాల్ టికెట్ వచ్చేదాకా ఈ తేడా బయటపడదు, అప్పుడు చేసేదేమీ ఉండదు.

ఏ సిలబస్ మంచిదన్న చర్చ అయిదో తరగతి దాకా అనవసరం అనుకుంటున్నాను. అక్కడ టీచరూ, దూరమూ ముఖ్యం. అయిదు దాటాక మాత్రం ఒకటే చూసుకోండి: మళ్ళీ రాష్ట్రం దాటి మారే ఉద్యోగమా కాదా. మారేదైతే సీబీఎస్ఈ. ఇంటర్ దాకా ఇక్కడే అనుకుంటే స్టేట్ సిలబస్ వల్ల నష్టమేమీ లేదు. 2025–26 నుంచి ఇంటర్ మొదటి ఏడాదికి కూడా సీబీఎస్ఈలో చదివే ఎన్‌సీఈఆర్టీ పాఠాలే వచ్చాయి.

వయసు నిబంధన ఒకటి పిల్లల్ని ఏడాది వెనక్కో ముందుకో నెట్టేస్తుంది. కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్ళు నిండాలి. ఇక్కడి స్టేట్ బడుల్లో అయిదేళ్ళు దాటిన పిల్లల్ని ఒకటిలో వేసుకోవడం మామూలే. అయిదేళ్ళ పిల్లని స్టేట్ బడిలో ఒకటి చదివించి, తరవాత కేంద్రీయ విద్యాలయంలో రెండుకి మారుద్దామంటే అక్కడ రెండో తరగతి వయసు సరిపోదు. ఏ దారిలో పోతారో యూకేజీ నాడే తేల్చుకోవాలి. కేంద్రీయ విద్యాలయంలో సీటుకి వరస కూడా తెలిసి ఉండాలి: ముందు కేంద్ర ఉద్యోగుల పిల్లలు, తరవాత కేంద్ర ప్రభుత్వ సంస్థల వాళ్ళు, తరవాత రాష్ట్ర ఉద్యోగులు, వాళ్ళ సంస్థలు, చివర్న మిగతా అందరూ. ప్రైవేటు ఉద్యోగులు దీన్నే నమ్ముకుని మిగతా చోట్ల సీటు వదులుకోకూడదు.

నాలుగు, అయిదు తరగతుల పిల్లలున్నవాళ్ళు మారే తేదీ చాలా జాగ్రత్తగా పెట్టుకోవాలి. నవోదయలో (జిల్లాకొకటి ఉండే కేంద్ర ప్రభుత్వ వసతి బడి) ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే ఆ జిల్లా నివాసి అయి ఉండాలి, అయిదో తరగతి పూర్తి ఏడాది ఆ జిల్లాలోనే చదవాలి. విజయనగరం జిల్లా నవోదయ కిల్తంపాలెంలో ఉంది, శ్రీకాకుళం వాళ్ళది వెన్నెలవలసలో. అయిదో తరగతి దసరాకి మారితే ఆ అవకాశం పోయినట్టే, రెండోసారి రాయడం అన్నది లేదు. సీట్లలో నూటికి 75 గ్రామీణ పిల్లలవి. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా పట్నం కోటాలోకే వెళ్తారు. పరీక్ష 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం మార్కులు మెంటల్ ఎబిలిటీకే.

విజయనగరం పక్కనే ఉన్న కోరుకొండ సైనిక్ స్కూలు సంగతి వేరు. 1962లో పెట్టిన బడి, ఉత్తరాంధ్ర వాళ్ళందరికీ దాని మీద ఒక కన్ను. ప్రవేశం ఆరులోనూ తొమ్మిదిలోనూ. ఆరుకి మార్చి 31 నాటికి పదికీ పన్నెండుకీ మధ్య వయసు ఉండాలి. ప్రశ్నలు 125, మార్కులు 300, అందులో సగం లెక్కలకే. ఆరో తరగతి పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు, తొమ్మిదికి ఇంగ్లీషులోనే. 2021–22 నుంచి ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. సీట్లలో 67 శాతం సొంత రాష్ట్రం వాళ్ళకి. బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్లలకి ఏ రాష్ట్రం రాయాలన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది కాబట్టి నివాస ధ్రువపత్రం దరఖాస్తుకి ముందే చేతిలో ఉండాలి.

ప్రభుత్వ బడిని లెక్కలోంచి తీసేయకండి. 2025లో బడుల్ని మళ్ళీ సర్దినప్పుడు తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్ళు పెట్టారు. మీ వార్డుకి దగ్గర్లో అలాంటిది ఉందేమో చూడండి. మున్సిపల్ బడుల్లో కస్పా హైస్కూలు లాంటి వాటికి ఊళ్ళో మొదట్నుంచీ మంచి పేరుంది. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లకి ఇంతకంటే ఉపయోగపడే పుస్తకం దొరకదు. ప్రైవేటు బడిలో వేసినా సరే, విద్యాశాఖ సైట్ నుంచి ఉచితంగా దించుకుని ఇంట్లో చదివించండి.

ఇక కాగితాలు. అసలు పేచీ అంతా పిల్లల పేరు దగ్గరే. బెంగళూరులో పుట్టిన తెలుగు పిల్లల జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు ఉండదు, లేదా పేరు చివర తండ్రి పేరు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. బడి రికార్డులో ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. ఈ మూడూ మూడు రకాలుగా ఉంటే 12 అంకెల అపార్ ఐడీ (దేశమంతా చెల్లే విద్యార్థి గుర్తింపు నంబరు) పుట్టదు, ఎందుకంటే అది ఆధార్‌లో పేరూ బడి రికార్డులో పేరూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే వస్తుంది. దిద్దించే పని పాత ఊళ్ళో ఉండగానే చేయాలి. జనన ధ్రువపత్రం ఆ ఊరి రిజిస్ట్రారే దిద్దాలి, పాత బడి రికార్డు ఆ బడి హెడ్మాస్టరే దిద్దాలి. టీసీ ఇచ్చాక దిద్దడానికి వాళ్ళు ఒప్పుకోరు. వరస ఇదీ: ముందు జనన ధ్రువపత్రం, దాన్నిబట్టి ఆధార్, దాన్నిబట్టి బడి రికార్డు, ఆఖర్న టీసీ. పిల్లలకి అయిదేళ్ళు నిండాక వేలిముద్రలు కొత్తగా వేయించారో లేదో కూడా అప్పుడే చూసుకోండి. వేయించకపోతే ఆధార్ ధ్రువీకరణ మధ్యలో ఆగిపోతుంది.

టీసీ తొందరపడి తీసుకోవద్దు. కొత్త బడిలో సీటు ఖాయమయ్యాకే అడగండి. తీసుకునేటప్పుడు దాని మీద పిల్ల పెన్ నంబరు (యూడైస్‌లో పిల్లకి ఉండే శాశ్వత నంబరు), కర్ణాటక బడి అయితే ఆ రాష్ట్రం పిల్లలకిచ్చే ఎస్ఏటీఎస్ నంబరు రాయించండి. రాష్ట్రం మారుతున్నారు కాబట్టి అక్కడి బ్లాకు విద్యాధికారి చేత కౌంటర్ సంతకం పెట్టించుకుంటే ఇక్కడ ప్రశ్న రాదు. కాగితం చేతికొచ్చినంత మాత్రాన అయిపోదు. పాత బడి కంప్యూటర్లో కూడా పిల్ల పేరు వదలాలి. వాళ్ళు యూడైస్‌లో వదిలితే పేరు డ్రాప్‌బాక్స్ అనే చోటికి చేరుతుంది, కొత్త బడి పెన్ నంబరు కొట్టి అక్కణ్ణుంచి తీసుకుంటుంది. వదలకపోతే పిల్ల విజయనగరంలో బల్ల మీద కూర్చుని ఉంటుంది, రికార్డులో మాత్రం బెంగళూరులోనే చదువుతూ ఉంటుంది. పాత బడి గుమాస్తా ఫోన్ నంబరు రాసుకు రండి, రెండు మూడుసార్లు చేయవలసి వస్తుంది.

ఫీజు బాకీ పేరు చెప్పి టీసీ ఆపేస్తే కంగారు పడకండి. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకి మారే పిల్లలకి టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో అలాంటి కొత్త బడి ప్రవేశం ఆపకూడదు. 13వ సెక్షన్ ప్రకారం చిన్నపిల్లలకి ప్రవేశ పరీక్ష పెట్టి వడపోయడమూ, క్యాపిటేషన్ ఫీజు తీసుకోవడమూ నేరం. “ఊరికే చిన్న ఇంటరాక్షన్ అండీ” అంటూ పరీక్ష కాగితం ఇచ్చే చోట్లు ఉన్నాయి. గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఆ చట్టం పేరు మర్యాదగా ఎత్తితే చాలు.

నాలుగో తరగతి నుంచి పది దాకా ఏ ఏడాది ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు ఇక్కడ ప్రాణంతో సమానం. పైచదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ స్థానికత వాటితోనే తేలుతుంది. పాత బడి మూతపడితే ఆ కాగితం కోసం ఎక్కడెక్కడో తిరగాలి. టీసీతో పాటే, ఏ ఏడాదికి ఆ ఏడాది రాయించి, ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. రాజాం వైపు సొంతూరు ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక ఆ ఊరు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. పాత కుల ధ్రువపత్రంలో ఒక జిల్లా, కొత్త ఆధార్‌లో ఇంకో జిల్లా కనిపిస్తాయి. గ్రామ, వార్డు సచివాలయంలో కొత్త పత్రం తీసుకుంటే ప్రతిచోటా వివరించే బాధ తప్పుతుంది.

ఇంటి సంగతికి వస్తే, ఎండాకాలం సెలవులకీ ఆషాఢానికీ మధ్యలోనే ఇళ్ళు చేతులు మారతాయి. ఆషాఢంలో పాలు పొంగించరు, కొందరు ఇంటివాళ్ళు అద్దెకి ఇవ్వడానికి కూడా ఒప్పుకోరు. మే నెల మధ్యలో వెతకడం అన్నివిధాలా మంచిది, నీళ్ళ ఎద్దడి కూడా కళ్ళారా కనిపిస్తుంది. “రోజు విడిచి రోజు వస్తాదమ్మా, డ్రమ్ములు ఎట్టుకోండి” అని ఇంటావిడే చెప్తారు, అడిగితే. కుళాయి ఏ గంటకి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, సంపు ఉందా, బోరు నీళ్ళు ఉప్పనా చప్పనా, ఈ నాలుగూ పక్కింటివాళ్ళని కూడా అడిగి రెండు సమాధానాలూ కలుస్తాయేమో చూడండి. అక్టోబరు, నవంబరు తుపాన్లు ఇక్కడ మామూలే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ పోయాక కూడా రోజుల తరబడి కరెంటు లేని ఇళ్ళు ఎన్నో. ఇన్వర్టరు పెట్టుకునే చోటు, కిటికీలకి గట్టి గడియలు చూసుకోండి. వాన పడితే వీధిలో నీళ్ళు ఎటు పోతాయో చూడటం మర్చిపోవద్దు.

కరెంటు మీటరు ఒక్కో పోర్షన్‌కి విడిగా ఉండాలి. ఇది బిల్లు పంపకానికే కాదు. బడికెళ్ళే పిల్లల తల్లి ఖాతాలో రాష్ట్ర ప్రభుత్వం డబ్బు వేసే ‘తల్లికి వందనం’ లాంటి పథకాలకి నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదన్న షరతుంది. మూడు పోర్షన్లకి ఒకే మీటరుంటే, లేదా మీ ఆధార్ ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి మీటరుకి ఇంకా అతుక్కుని ఉంటే, మీరు కాల్చని యూనిట్లు మీ ఖాతాలో పడతాయి. సొంత కారు ఉన్నవాళ్ళు, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు ఈ పథకం గురించి ఆలోచించనక్కర్లేదు. మిగతావాళ్ళు వార్డు సచివాలయంలో కుటుంబం మొత్తాన్ని కొత్త చిరునామాకి మ్యాప్ చేయించుకోవాలి, తల్లి బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు ఉందో లేదో చూసుకోవాలి. ఆధార్‌లో చిరునామా ముందు ఇంట్లో ఒకరిది మార్చి, మిగతావాళ్ళవి కుటుంబ పెద్ద అంగీకారంతో ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. అందరూ సెంటర్లో వరసలో నిలబడనక్కర్లేదు.

గ్యాస్ సిలిండర్లు లారీలో ఎక్కించకండి. పాత ఏజెన్సీలో సిలిండర్లూ రెగ్యులేటరూ అప్పగిస్తే డిపాజిట్ తిరిగిస్తారు, ట్రాన్స్‌ఫర్ వోచర్ ఇస్తారు. దానితో ఇక్కడ కొత్తగా డిపాజిట్ కట్టి తీసుకోవాలి. మొదటి వారానికి ఇండక్షన్ స్టవ్ ఒకటి సామాన్లో పైనే పెట్టుకోండి. లారీ వెయ్యి కిలోమీటర్లు దాటి రావాలి. పార్ట్ లోడ్ అయితే మధ్యలో ఎవరి సామానో దింపుతూ వారం కూడా పడుతుంది. అందుకని బడి కాగితాలు, టీకాల కార్డు, రెండేసి జతల బట్టలు, నిద్రకి కావలసిన దుప్పట్లు లారీలో కాదు, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో మీతో రావాలి. బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోండి, ఏడాది లోపల ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చాలి.

అయిదారేళ్ళ పిల్లలకి డీపీటీ రెండో బూస్టరు, పదేళ్ళకి టీడీ టీకా. ఊరు మారే హడావుడిలో ఎక్కువగా తప్పిపోయేవి ఈ రెండే. మూడేళ్ళు నిండని చిన్నవాళ్ళుంటే వీధి అంగన్‌వాడీలో పేరు రాయించండి. ఆ వార్డు నర్సమ్మ నంబరు అక్కడే దొరుకుతుంది.

వ్యాన్ గురించి ఒక్క తేదీ గుర్తుంటే చాలు. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది. జూన్లో బడి తెరిచేలోపు కొత్తది చేయించాలి. జూన్ రెండో వారంలో డ్రైవరుని కాగితం చూపించమనండి. ఆటో మాట్లాడుకుంటే ఎంతమంది పిల్లలని కాదు, సెప్టెంబరుకి ఎంతమందవుతారని అడగండి. జూన్లో ఆరుగురితో మొదలై దసరాకి పదిమంది అవుతారు, ఇద్దరు డ్రైవరు పక్కన వేలాడుతూ కనిపిస్తారు.

చదువులో పిల్లలకి ఎదురయ్యే అసలు అడ్డు తెలుగు రాత. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడే పిల్ల కూడా తరగతిలో డిక్టేషన్‌కి బిక్కమొహం వేస్తుంది. కన్నడం రాసిన పిల్లలకి ఒకరకంగా సుళువు, ఒకరకంగా కష్టం. అక్షరాల ఆకారాలు చాలా వరకూ తెలిసినవే, కానీ కన్నడంలో అక్షరం పైన అడ్డగీత ఉండే చోట తెలుగులో తలకట్టు టిక్కులా రావాలి. చేయి పాత అలవాటునే పోతుంది. కొత్తగా నేర్పినట్టు అ ఆల నుంచి మొదలుపెట్టకండి, విసుగొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రోజుకి అరగంట చొప్పున ముందు తలకట్టు, తరవాత గుణింతం, జూన్ నాటికి ఒత్తులు. సున్నా, అరసున్నాల గొడవ వద్దు. వాళ్ళ తరగతి కంటే రెండు తరగతులు కింది తెలుగు వాచకం తీసుకోండి. ఇక్కడి మాట తీరు కూడా మొదట్లో తికమక పెడుతుంది. “ఏటి, రాసీసినావా?” అని టీచరు అడిగితే తిడుతున్నారనుకుని మా పెద్దది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తరగతి టీచరుకి మొదటి వారంలోనే చెప్పండి, “తెలుగు చదవడం వచ్చు, రాయడం రాదు, ఆరు నెలలు మార్కులు చూడకండి మేడమ్” అని. చాలామంది ఒప్పుకుంటారు. మార్కులు చూడకుండా ఉండవలసింది ఇంట్లో మనం కూడా.

యూడైస్ లెక్క సెప్టెంబరు 30 నాటి పేర్లతో ముగుస్తుంది. ఆ నెల మొదటి వారంలో ఒకసారి బడి ఆఫీసుకి వెళ్ళి, పిల్ల పేరు, పుట్టినతేదీ, పెన్ నంబరు కంప్యూటర్ తెర మీద చూపించమని అడగండి. చెప్పడం కాదు, చూపించాలి. తప్పుంటే అక్కడికక్కడే కాగితం మీద రాసిచ్చి, రాసిచ్చిన దాని మీద తేదీతో ముద్ర వేయించుకు రండి.